మిక్సీలో కాగితం... చేతిలో వావిలాకు!

మా అమ్మ మిక్సీ జార్‌లో పాత కాగితాలు వేసి తిప్పిన రోజు ఇంట్లో చిన్నపాటి యుద్ధమే జరిగింది. ‘పచ్చళ్లు రుబ్బుకునే దాంట్లో పేపర్లు రుబ్బుతావా? ఇంజినీరింగ్ చదివింది ఇందుకేనా?’ అని అమ్మ. ‘కడిగేస్తాలే అమ్మా’ అని నేను. వరండాలో మంచం మీద కూర్చున్న నాయనమ్మ మాత్రం ఆ గుజ్జు గిన్నెను దగ్గరికి లాక్కుంది. రెండు వేళ్లతో నలిపి చూసి ఒక్కటే మాట అడిగింది.

‘మెంతులు వేయలా?’

కాగితంలో మెంతులేంటి? పెద్దావిడ ఏదో పొరపాటుగా అంటోందనుకున్నా. ఎందుకంటే నాయనమ్మకు 80 దాటాయి. ఈ మధ్య మతిమరుపు బాగా పెరిగింది. పొద్దున తిన్న టిఫిన్ మధ్యాహ్నానికి గుర్తుండదు. నన్ను చాలాసార్లు మా అత్తయ్య పేరుతో పిలుస్తుంది. కానీ ఆ రోజు పొరపాటు పడింది తను కాదు, నేనే.

కిట్ కొన్నా... మూలన పడేశా

మాది పల్నాడు జిల్లా నకరికల్లు. నెలలో రెండు వారాలు హైదరాబాద్‌లో ఆఫీసు, రెండు వారాలు ఊళ్లో ఇంటి నుంచి పని. లాప్‌టాప్ మూస్తే ఫోన్, ఫోన్ చార్జింగ్‌కి పెడితే టీవీ. ఓ ఆదివారం స్క్రీన్‌టైమ్ చూసుకుంటే ఫోన్ ఒక్కటే రోజుకు ఆరు గంటలు! కళ్లు మండుతున్నాయని డాక్టర్ దగ్గరికి వెళ్తే, ‘మధ్యమధ్యలో దూరంగా ఉన్నవాటిని చూస్తూ ఉండమ్మా’ అన్నారు. మా ఊళ్లో కిటికీ తీస్తే కనుచూపు మేర పొలాలే. చూడటమే మానేశా.

అప్పుడే ఓ రీల్ చూసి పేపర్ క్రాఫ్ట్ కిట్ ఆర్డర్ పెట్టా. రంగురంగుల క్విల్లింగ్ స్ట్రిప్స్, చుట్టే పుల్ల, జిగురు వచ్చాయి. రెండు గ్రీటింగ్ కార్డులు చేసేసరికి నచ్చిన రంగులన్నీ అయిపోయాయి. మళ్లీ ఆర్డర్ పెట్టబోతుంటే, ‘కాగితం గూడా కొనుక్కొచ్చుకుంటున్నారా ఇప్పుడు?’ అని నాయనమ్మ నవ్వింది. నిజమే కదా అనిపించింది. అసలు కాగితమే సొంతంగా చేస్తే? అదిగో, ఆ ఆలోచనతోనే ఏప్రిల్‌లో అమ్మ మిక్సీకి మూడింది.

నాయనమ్మ బుట్ట

మెంతుల సంగతి తర్వాత తెలిసింది. ఒకప్పుడు మన ఇళ్లలో పాత కాగితాలు పారేసేవాళ్లు కాదట. నానబెట్టి, రోట్లో దంచి, నానిన మెంతులు రుబ్బి కలిపేవాళ్లు. మెంతుల జిగురుతో గుజ్జు గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని బోర్లించిన గిన్నె మీద మందంగా మెత్తి ఆరబెడితే తేలికైన బుట్ట తయారు. వెదురు చాటలకు, గంపలకు సందులు పడితే అదే గుజ్జు అలికితే ఇంకో రెండేళ్లు వచ్చేవి. ఇన్‌స్టాలో ‘పేపర్ మాషే’ అని చూపించేది దాదాపు ఇదే.

నాయనమ్మ చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. అందుకే తను చెప్పడం, నేను చేయడం. మొదటి బుట్టను మెత్తగానే తీసుకెళ్లి ఎండలో పెట్టా. సాయంత్రానికి నెర్రెలు విచ్చిన పొలంలా తయారైంది. ‘ఎండలో పెడితే పగులుద్దే పిచ్చిదానా! ముందు నీడన ఆరనియ్యి’ అంది. రెండోది రెండు రోజులు నీడలో ఉంచి, మూడో రోజు ఎండ చూపించా. అది నిలబడింది. రోజూ చూసే మనుషుల పేర్లు మర్చిపోతున్న మనిషికి గుజ్జు పాళ్లు మాత్రం వేళ్లకు గుర్తున్నాయి. ఆ సంగతి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది.

ఆలోచిస్తే కాగితం పని మనకేం కొత్త కాదు. పాత క్యాలెండర్‌తో పుస్తకాలకు అట్టలు వేసుకున్నాం. వాన పడితే పడవలు, సంక్రాంతికి గాలిపటాలు, ఆగస్టు 15కి రంగు కాగితాల తోరణాలు చేశాం. ముడి, జిగురు లేకుండా పప్పుల పొట్లం కట్టే కిరాణా కొట్టు బాబాయ్ చేతివేగం చూశారా? అంతకంటే పెద్ద ఒరిగామీ ఏముంటుంది! మా నరసరావుపేట దగ్గరి కోటప్పకొండకు శివరాత్రి తిరునాళ్లలో వెళ్లే ప్రభలు చూడండి. కొన్ని 80, 90 అడుగుల ఎత్తు ఉంటాయి. ఇప్పుడు కరెంటు బల్బుల వెలుగే ఎక్కువ కనిపిస్తుంది కానీ, వెదురూ కర్రల చట్రానికి గుడ్డలు, రంగు కాగితాలు అంటించే పని ఊరంతా కలిసి చేసేదే.

మా చేలో పత్తి, మా ఇంట్లో కాగితం

బుట్ట తర్వాత కాగితం పట్టాలెక్కింది. పాత ఫొటో ఫ్రేముకు కిటికీ దోమల మెష్ బిగించా. టబ్బు నీళ్లలో గుజ్జు కలిపి, ఫ్రేమును ముంచి అడ్డంగా పైకి లేపితే నీళ్లు కారిపోయి మెష్ మీద పల్చటి పొర మిగులుతుంది. దాన్ని పాత నూలు గుడ్డ మీద బోర్లించి, స్పాంజితో అద్ది, ఫ్రేము తీసేస్తే కాగితం రెడీ. ఆరడానికి మాకేం లోటు? రాష్ట్రంలో ఎండలు మండుతున్నాయంటే ముందు వినిపించేది మా జిల్లాలోని రెంటచింతల పేరే! బుట్టలా కాకుండా పల్చటి కాగితం మధ్యాహ్నానికే గలగలమంది.

ఉత్సాహం ఆపుకోలేక ఇంట్లో ఉన్న పత్తి కూడా మిక్సీలో వేశా. పోగులు పొడవుగా ఉంటాయి కదా, బ్లేడుకు చుట్టుకుని మోటారు మూలిగింది. అమ్మతో రెండో యుద్ధం. తర్వాత చదివితే తెలిసింది... పత్తి ఆలోచన తప్పు కాదు, పద్ధతే తప్పు. మన కరెన్సీ నోట్ల కాగితం పత్తితోనే చేస్తారు. చేతి కాగితానికి పేరున్న జైపూర్ దగ్గరి సాంగానేర్‌లో బట్టల తయారీలో మిగిలిన నూలు ముక్కలను ముక్కలుగా కోసి, నానబెట్టి, యంత్రంలో బాగా నలగ్గొడతారు. చెక్క గుజ్జులో ఉండే లిగ్నిన్ వల్ల న్యూస్‌పేపర్ ఎండకు పసుపు రంగుకు మారుతుంది. పత్తి కాగితానికి ఆ బాధ దాదాపు ఉండదు.

గాంధీజీ చొరవతో 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. దాన్ని నడిపించిన జె.సి.కుమారప్ప వార్ధా కేంద్రంగా చేతి కాగితాన్ని ప్రోత్సహించారు. సాంగానేర్‌లోని జాతీయ చేతి కాగితం సంస్థ ఆయన పేరుతోనే ఉంది. పత్తి పండించే ఊళ్లో పుట్టి, నోట్‌బుక్ ఆన్‌లైన్‌లో కొనుక్కునే నాకు ఇదంతా కొత్త పాఠమే.

నాన్న ‘వాకింగ్’

కాగితంలో పూరేకులు, ఆకులు కలిపితే అందంగా ఉంటుందని వాటి కోసం బయటికి బయల్దేరా. మా నాన్న రోజూ పొద్దున్నే చేలోకి వెళ్తారు. ఆయన దాన్నెప్పుడూ ‘వాకింగ్’ అనలేదు, ‘చేలోకి పోయొస్తా’ అంటారంతే. చేతికి స్మార్ట్‌వాచ్ పెట్టుకుని ఆయన వెంట పడ్డా. సాగర్ కాలవ కట్ట మీద పది నిమిషాలు నడిచామో లేదో, ఓ చెట్టు చూపించి ‘ఇదేంటో చెప్పు’ అన్నారు. ఫోన్ తీసి యాప్ తెరిచా. సిగ్నల్ లేదు.

‘ఫోను లోపల పెట్టమ్మాయ్. ముందు చెట్టును చూడు.’

అది కానుగ. మా ఇంటి వెనకా ఉంది. పాతికేళ్లకు పైగా దాని కిందే తిరిగా, పేరు తెలీదు! ఆ రోజు నాన్న అరగంటలో 19 మొక్కల పేర్లు చెప్పారు. నాకు ముందే తెలిసినవి ఐదు. జావాస్క్రిప్ట్ లైబ్రరీలు అడిగితే నిద్రలో కూడా యాభై చెబుతా మరి!

అప్పటి నుంచి ఊళ్లో ఉన్నన్నాళ్లూ నాన్నతో వెళ్లడం అలవాటైంది. జపాన్‌లో 1982లో అక్కడి అటవీ శాఖ ‘షిన్రిన్ యోకు’ అనే మాట ప్రచారంలోకి తెచ్చింది. అడవిలో స్నానం అని అర్థం. నీళ్లతో కాదు... చెట్ల మధ్య తొందర లేకుండా నడుస్తూ వాసనలు, చప్పుళ్లు పట్టించుకోవడం. మాకు అడవి లేదు కానీ, తుమ్మలు, వేపలు, తాళ్లు ఉన్న కాలవ కట్ట ఉంది. అదే చాలు.

వానలు మొదలయ్యాక గిజిగాళ్లు దిగాయి. నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మకు వరసగా గూళ్లు. మగ పిట్టే అల్లుతుంది. ఆకును ముక్కుతో చీల్చి సన్నటి పేలికలు లాగుతుంది. అచ్చం నా క్విల్లింగ్ స్ట్రిప్స్! సగం గూడు హెల్మెట్ ఆకారానికి వచ్చాక ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే మిగతా సగం పూర్తి చేస్తుంది. లేదంటే అది వదిలేసి మరో గూడు మొదలు. మా ఆఫీసులో కోడ్ రివ్యూ కూడా ఇంత కఠినంగా ఉండదు. స్కూల్లో గుర్రం జాషువా గారి ‘గిజిగాడు’ పద్యాలు మార్కుల కోసం బట్టీ పట్టా. ఆయన పుట్టింది మా జిల్లాలోని వినుకొండలోనే. ఆ గూటి కింద నిలబడ్డాక ఆ పద్యాలు మళ్లీ తీసి చదువుకున్నా. ఈసారి మార్కుల్లేవు.

లైకుల లెక్క

ఇక్కడో తప్పు కూడా చేశా. నా కాగితాల ఫొటోలు చూసి ఫ్రెండ్స్ ‘పేజీ పెట్టవే, అమ్మేయొచ్చు’ అన్నారు. పెట్టా. 40 కార్డులకు ఆర్డర్ వచ్చింది. రాత్రి రెండింటి దాకా గుజ్జు పట్టి, అన్నీ ఒకే సైజు రాలేదని ఏడ్చి, పూరేకుల కోసం నాన్నను తొందరపెట్టా. ఆ పది రోజులూ కాలవ మీద ఏ పిట్ట వాలిందో నాకు తెలీదు. వాచీలో అడుగులు మాత్రం లెక్క తప్పలేదు. ఆర్డర్ ఇచ్చేసి పేజీ మూసేశా. అమ్ముకుని బతికేవాళ్లది గొప్ప పని, దాన్ని తక్కువ చేయను. నాకు మాత్రం డెడ్‌లైన్లు ఆఫీసులో ఉన్నవి సరిపోతాయి.

ఆ తర్వాత చేసిన కాగితాలతో ఓ పుస్తకం కుట్టా. అందులో నాన్న చెప్పిన పేర్లు రాసుకుంటున్నా. పేజీకి ఒక మొక్క, పక్కన ఎండిన ఆకు. ఎక్కడ చూశాం, దేనికి వాడేవాళ్లు... అంతే. ఇప్పటికి 61 అయ్యాయి.

పద్నాలుగు ఆకులు

మొన్న వినాయక చవితికి పత్రి కొనకూడదని నాన్నా నేనూ పందెం వేసుకున్నాం. ఆలోచిస్తే పూర్వం పిల్లలకు పత్రి సేకరణే నేచర్ వాక్! 21 రకాల ఆకుల కోసం ఊరంతా తిరిగేవాళ్లు. మేం రెండు పొద్దులు తిరిగాం. పత్తి పూలు మొదటి రోజు లేత తెలుపుగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగుకు తిరగడం అప్పుడే గమనించా. మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, దానిమ్మ, జమ్మి, రావి, జిల్లేడు, వాకుడు దొరికాయి. దేవదారు హిమాలయాల చెట్టు, మా ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది!

కాలవ పక్క తెచ్చిన ఓ కొమ్మ దగ్గర నాన్నకూ అనుమానం వచ్చింది. తీసుకెళ్లి నాయనమ్మ చేతిలో పెట్టా. ఆ రోజు తనకు పండగన్న సంగతే గుర్తులేదు. ఆకును అరచేతిలో నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

‘వావిలి. నువ్వు పుట్టినప్పుడు నాకు దీంతోనే నీళ్లు కాచి పోశారు’ అంది. బాలింత స్నానం గురించి. నన్ను మళ్లీ అత్తయ్యనే అనుకుంది. నేను సరిచేయలేదు. ‘ఎవరు పోశారమ్మా?’ అని అడిగా. వాళ్లమ్మ గురించి, ఆ నీళ్ల కాగు గురించి ఇరవై నిమిషాలు చెప్పింది. మా నాన్న కూడా ఎప్పుడూ వినని కబుర్లు. అన్నీ వావిలి పేజీలో రాశా. చోటు చాలక రెండో కాగితం అతికించా.

పద్నాలుగు ఆకులతోనే పూజ జరిగింది. మిగతా ఏడింటికీ పుస్తకంలో ఖాళీ పేజీలు వదిలిపెట్టా. వాటిలో కొన్ని నాన్నకు తెలుసు, కొన్ని ఊళ్లో ఎవరో ఒక పెద్దాయనకు తెలిసే ఉంటాయి. అడగాలి, వాళ్లకు గుర్తున్నప్పుడే.

మీరూ మొదలెట్టాలంటే...

* ఒకవైపు ప్రింటైన తెల్ల కాగితాలు మేలు. మెరిసే కాగితం వద్దు. చిన్న ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టండి.
* గుప్పెడు కాగితానికి జార్ నిండా నీళ్లు. అరనిమిషం తిప్పితే చాలు. దీనికి పాత జార్ వేరే పెట్టుకోండి, ఇంట్లో శాంతి కోసం!
* మిగిలిన గుజ్జు నీళ్లు సింకులో పోయొద్దు, పైపు పూడుకుపోతుంది. వడకట్టి నీళ్లు మొక్కలకు పోయండి.
* రాసుకోవడానికైతే ఆరిన కాగితానికి పల్చటి గంజి పూసి మళ్లీ ఆరబెట్టండి. ఇంకు పాకదు.
* నడకలో రాలిన ఆకులు, పూలే ఏరుకోండి. వయ్యారిభామ మొక్క తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు విషపు మొక్కలు. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలకు ఇవ్వొద్దు.
* కాలవ కట్ట మీద షూ తప్పనిసరి, పాములుంటాయి. నీళ్ల అంచుకు వెళ్లొద్దు.
* పిట్ట కూత వినిపిస్తే మెర్లిన్ యాప్ పేరు చెబుతుంది. కానీ ముందు పక్కనున్న పెద్దవాళ్లను అడగండి. యాప్ రేపు కూడా ఉంటుంది.