కొండరాయి ఎందుకు జారుతుంది?

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. వానాకాలం వచ్చిందంటే అరకు రైలు మధ్యలో ఎందుకు ఆపేస్తారని అడిగావు కదా అమ్మలూ, చెబుతాను.

కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్లే ఆ లైను 1960లలో వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు చేరి, అక్కణ్ణుంచి జపానుకి ఓడెక్కాలని. 58 సొరంగాలు! శిమిలిగుడ స్టేషను చేరేసరికి సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటాం. పట్టాలకి చోటు కావాలి కాబట్టి కొండని తొలిచారు, పక్కల్ని చెక్కారు. అంటే పైనున్న బరువుకి కింద ఆసరా కొంత పోయిందన్నమాట.

ఇప్పుడు రాయి సంగతి. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఏటవాలుగా పేర్చిన పెంకుల దొంతరలాగ పొరలు పొరలుగా ఉంటుంది. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఏళ్ల తరబడి నీళ్లకి నాని బంకమట్టి అయిపోతుంది. పగలు ఎండకి రాయి వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. అలా పగుళ్లు పెరుగుతాయి. పెద్ద వాన పడితే ఆ పగుళ్లు నిండుతాయి. నీళ్లు మట్టిని బరువెక్కిస్తాయి, పొరల మధ్య పట్టు సడలిస్తాయి, పైగా పగులులో నిలబడి రాయిని బయటికి నెడతాయి. కాబట్టి రాయి పడేది ఒక్క క్షణంలోనే అయినా, దాన్ని వదులు చేసే పని ఏళ్ల నుంచీ జరుగుతూనే ఉంటుంది.

45 మీటర్ల పైనుంచి అడ్డులేకుండా పడిందనుకోండి, మూడు సెకన్లలో నేలకి చేరుతుంది. అప్పటికి దాని వేగం గంటకి 100 కిలోమీటర్లు దాటుతుంది. రైలు మాత్రం చటుక్కున ఆగలేదు. ఇనుప చక్రానికి ఇనుప పట్టా మీద పట్టు తక్కువ, తడిస్తే మరీ తక్కువ. మలుపు అవతల ఏముందో లోకో పైలట్‌కి ముందుగా కనబడదు.

కొంకణ్ రైల్వేలో 2003 జూన్ 22 రాత్రి ఇదే జరిగింది. మహారాష్ట్రలోని వైభవవాడి దగ్గర విరిగిపడిన చరియని ఢీకొని రైలు పట్టాలు తప్పింది. 50 మందికి పైగా పోయారు. మరుసటేడు జూన్‌లో మత్స్యగంధ ఎక్స్‌ప్రెస్ కూడా పట్టాల మీద పడిన బండరాళ్లకే బలైంది. ఆ తర్వాత అక్కడ వదులు రాళ్లు తొలగించారు, కొండవాలుకి ఇనుప వలలు బిగించారు, వానాకాలమంతా రైళ్ల వేగం తగ్గించి విడిగా టైంటేబుల్ నడుపుతున్నారు.

వల ఒక్కటే చాలదర్రా. నీటికి దారి చూపించాలి. కొండ పైభాగంలో కాలువ తీసి వాన నీటిని పక్కకి మళ్లిస్తే పగుళ్లలోకి దిగేది తగ్గుతుంది. ఇంకొకటి, మనిషి కన్ను. జోరువానలో, చీకట్లో, లాంతరు పట్టుకుని పట్టాల వెంట నడిచే ట్రాక్‌మన్ ఉన్నాడే, అతనికి దండం పెట్టాలి. రాయి కనబడితే రైలొచ్చే వైపు పరుగెత్తి, 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర మూడు డిటొనేటర్లు పట్టా మీద బిగిస్తాడు. చక్రం ఎక్కగానే అవి ఢామ్మని పేలతాయి, డ్రైవరు బ్రేకు వేస్తాడు. రైలు ఆగడానికి ఎంత దూరం కావాలో తెలిసే అంత ముందుగా పెడతారు.

అందుకే చెబుతున్నాను, ఘాట్‌లో రైలు ఆపేశారంటే విసుక్కోకండి. ముందు దారి చూసి రావడానికి ఎవరో వానలో తడుస్తూ వెళ్లారని తెలుసుకోండి. ఆలస్యంగా చేరినా అందరం ఇంటికి చేరడమే కావాలి.