‘ఆఫ్’ అంటే యొక్క మాత్రమే కాదు

తిరుపతి గురించి ఇంగ్లీషులో నాలుగు మాటలు రాయమంటే మన పిల్లలు చాలామంది ఇలా మొదలుపెడతారు: ‘తిరుమల ఈజ్ వన్ ఆఫ్ ద ఫేమస్ టెంపుల్ ఇన్ ఇండియా.’ పిల్లలనే అనడమెందుకు? ట్రావెల్స్ వాళ్ల కరపత్రాల్లో, ఉద్యోగ దరఖాస్తుల్లో పెద్దవాళ్లు రాసేదీ ఇదే వరస. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అంటారు, ‘వన్ ఆఫ్ ద బెస్ట్ మూవీ’ అంటారు. మాట చివర ఒక ‘స్’ తగ్గింది. టెంపుల్స్, ఫ్రెండ్స్, మూవీస్ అనాలి.

తెలుగు అలవాటే ఇంగ్లీషును చెడగొడుతోందని అనేయడం తేలిక. కానీ తెలుగులో ‘నా ఫ్రెండులో ఒకడు’ అనే మనిషిని ఎవరైనా చూశారా? ‘నా ఫ్రెండ్సులో ఒకడు’ అంటాం. ‘పేరున్న గుళ్లల్లో ఒకటి’ అంటాం. మా పక్క పల్లెల్లో ‘ఒగటి’ అనేవాళ్లు కూడా ‘గుళ్లల్లో ఒగటి’ అనే అంటారు గానీ ‘గుడిలో ఒగటి’ అనరు. ఒకదాన్ని ఏరి చెప్పాలంటే ముందు అలాంటివి కొన్ని ఉండాలన్న సంగతి తెలుగు మనకు ఉగ్గుపాలతోనే నేర్పింది.

మరి తేడా ఎక్కడొచ్చింది? వరసలో వచ్చింది. తెలుగులో గుంపు ముందు, అందులోంచి ఏరిన ఒకటి తర్వాత. తమిళనాడు, కర్ణాటక సరిహద్దున ఉన్న కుప్పంలో ఇంకో రెండు భాషలూ వినబడతాయి కదా, వాటిలోనూ అంతే. తమిళంలో ‘మలైగళిల్ ఒన్ఱు’, కన్నడంలో ‘బెట్టగళల్లి ఒందు’, మనకు ‘కొండల్లో ఒకటి’. ఇంగ్లీషులో దీనికి తలకిందులుగా ‘వన్’ ముందే వచ్చి కూర్చుంటుంది. నోటితో ‘వన్’ అన్నాక మనసు ఒకటి దగ్గరే ఆగిపోతుంది, వెనకాల వచ్చే గుడి కూడా ఒక్కటే అయిపోతుంది.

నన్నడిగితే రెండో కారణం బడిలో ఉంది. ‘ఆఫ్ అంటే యొక్క’ అని చెప్పి వదిలేస్తారు. అది సగమే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో షష్ఠీ విభక్తి ప్రత్యయాలు చూడండి, యొక్కతో పాటు ‘లో’ కూడా అక్కడే ఉంది. ఇంగ్లీషు ‘ఆఫ్’ ఈ రెండు పనులూ చేస్తుంది. ‘ద గోపురం ఆఫ్ ద టెంపుల్’ అన్నప్పుడు అది యొక్క. గుడి ఒక్కటే అయినా ఇబ్బంది లేదు. ‘వన్ ఆఫ్ ద టెంపుల్స్’ అన్నప్పుడు అది లో. విడివిడిగా లెక్కపెట్టగల వాటిలోంచి ఒకటో రెండో ఏరుతున్నాం కాబట్టి అక్కడ బహువచనం తప్పదు. గుంపులోంచి ఇలా వేరుచేసి చెప్పడాన్ని సంస్కృత వ్యాకరణంలో నిర్ధారణ అంటారు. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఇది కొత్త విషయమేమీ కాదు.

అనుమానం వచ్చినప్పుడు ‘ద’ తర్వాత ఒక అంకె పెట్టి చూడండి. తిరుమల కొండలు ఏడు: శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వెంకటాద్రి. స్వామి ఆలయం వెంకటాద్రి మీద ఉంది. ‘వెంకటాద్రి ఈజ్ వన్ ఆఫ్ ద సెవెన్ హిల్స్’ అనడంలో ఎవరూ తడబడరు, ఎందుకంటే ఏడు అనగానే ‘హిల్స్’ దానంతట అదే వస్తుంది. శ్రీకాళహస్తి వాయులింగం పంచభూత లింగాల్లో ఒకటి. అక్కడా ఐదు అన్న అంకె సాయపడుతుంది. అంకె తీసేసి ‘ఫేమస్’ పెట్టినా ‘స్’ను మాత్రం కదపకూడదు. ఆ ‘ద’ కూడా ఉండాల్సిందే, లేదా దాని స్థానంలో ‘మై’, ‘అవర్’, ‘దీజ్’ లాంటిదేదైనా ఉండాలి. ఉత్త ‘వన్ ఆఫ్ టెంపుల్స్’ కుదరదు.

క్రియ మాత్రం గుంపు వెంట పోదు, ఏరిన దాని వెంట పోతుంది. ‘వన్ ఆఫ్ ద బసెస్ ఈజ్ లేట్’. పక్కనే ‘బసెస్’ వినబడుతోందని ‘ఆర్’ అనేస్తే పొరపాటు. ‘బస్సుల్లో ఒకటి లేటుగా ఉంది’ అని తెలుగులో అనుకుంటే చాలు, తేలిపోతుంది.

ఈ ‘స్’ ఉంటే ఎంత, లేకుంటే ఎంత అనుకునేవాళ్లు లడ్డూ దగ్గరికి రావాలి. ‘సమ్ ఆఫ్ ద లడ్డూ’ అంటే ఒకే లడ్డూలో కొంత ముక్క. ‘సమ్ ఆఫ్ ద లడ్డూస్’ అంటే తెచ్చిన లడ్డూల్లో కొన్ని. కొండ నుంచి వచ్చిన ప్రసాదం పొరుగింటికి పంపేటప్పుడు ఈ రెంటికీ తేడా చిన్నదేం కాదు! ‘మోస్ట్ ఆఫ్ ద లడ్డూ’, ‘మోస్ట్ ఆఫ్ ద లడ్డూస్’ కూడా ఇదే లెక్క. అన్నం, పాలు, నీళ్ల లాంటివి ఇంగ్లీషులో లెక్కకు అందవు కాబట్టి వాటికి ‘స్’ అక్కర్లేదు. ‘సమ్ ఆఫ్ ద రైస్’ అంటే చాలు.

ఇంకో చిక్కు ముడి ‘నంబర్ ఆఫ్’. కొండమీద దర్శనం చేసుకున్నవాళ్ల లెక్క రోజూ చెబుతారు కదా. ‘ద నంబర్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్ ఈజ్ హై’ అంటే భక్తుల సంఖ్య ఎక్కువగా ఉందని. సంఖ్య ఒక్కటే కనుక ‘ఈజ్’. అదే ‘ఎ నంబర్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్ ఆర్ వెయిటింగ్’ అంటే చాలామంది భక్తులు కాచుకోనుండారని. ఎదురుచూసేది మనుషులు, కాబట్టి ‘ఆర్’. రెండు చోట్లా ‘ఆఫ్’ తర్వాత బహువచనమే. ముందున్న ‘ద’, ‘ఎ’ల వల్ల క్రియ మారింది.

కొలతల్లోనూ ఇంగ్లీషుకు ‘ఆఫ్’ కావాలి, మనకు అక్కర్లేదు. ‘కిలో మామిడికాయలు’ అంటే సరిపోతుంది, మధ్యలో ఏ ప్రత్యయమూ లేదు. ఇంగ్లీషులో ‘ఎ కిలో ఆఫ్ మ్యాంగోస్’. చిత్తూరు మండీలో తోతాపురికి బేరమాడేటప్పుడు ‘వన్ కేజీ మ్యాంగో’ అంటే ఎవరూ తప్పు పట్టరు, పట్టాల్సిన పనీ లేదు. పల్ప్ ఫ్యాక్టరీకి ఇంగ్లీషులో ఉత్తరం రాసేటప్పుడు మాత్రం ‘ఆఫ్’ దగ్గర ఒక్క క్షణం ఆగి, అది యొక్కో లోనో చూసుకోండి. లో అని తేలి, అవి విడివిడిగా లెక్కపెట్టగలవైతే ‘స్’ పెట్టేయండి.