ఐటీ ఆర్కిటెక్ట్ ఏం చేస్తారు? ఆ ఉద్యోగానికి ఏం చదవాలి?

రేషన్ దుకాణంలో ఈ-పోస్ యంత్రంపై వేలు పెడతారు. కొన్ని సెకన్లలో బియ్యం వస్తాయో రావో తేలిపోతుంది. ఆ వేలిముద్ర ఎక్కడికి వెళ్లాలి, అటు నుంచి ఏం సమాధానం రావాలి, సిగ్నల్ లేకపోతే ఏం చేయాలి.. ఇవన్నీ కోడ్ రాయకముందే ఎవరో ఒకరు తేల్చాలి. ఆ పని ఐటీ ఆర్కిటెక్ట్‌ది.

ఆధార్‌నే తీసుకోండి. దానికి చీఫ్ ఆర్కిటెక్ట్‌గా పనిచేసింది ప్రమోద్ వర్మ. పాన్ నంబరులో నాలుగో అక్షరం మీరు వ్యక్తో, కంపెనీయో చెప్పేస్తుంది. ఆధార్‌లోని 12 అంకెల్లో మాత్రం మీ ఊరు, వయసు, కులం.. ఏదీ దాగి ఉండదు. ధ్రువీకరణ అడిగిన సంస్థకు వెళ్లేది కూడా ‘అవును’ లేదా ‘కాదు’ అన్న జవాబే. పేరు, చిరునామా కావాలంటే మీ సమ్మతితో ఈ-కేవైసీ చేయాలి. డిజైన్ దశలో తీసుకున్న ఇలాంటి నిర్ణయాలను తర్వాత మార్చడం చాలా కష్టం.

కాయకష్టంతో వేలిముద్రలు అరిగిపోయిన కూలీ మాటేమిటి? ఆమెకు కనుపాప, ఓటీపీ వంటి మరో దారి చూపకపోతే సర్వర్ ఎంత వేగంగా పనిచేసినా బియ్యం అందవు. మంచి ఆర్కిటెక్ట్ మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

రద్దీని ముందే ఊహించడం కూడా వారి పనే. 2021 ఏప్రిల్ 28న సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు దాటిన వారికి కొవిన్‌లో టీకా రిజిస్ట్రేషన్ మొదలైంది. కాసేపు చాలామందికి సైట్ తెరుచుకోలేదు, ఓటీపీలు ఆలస్యమయ్యాయి. అయినా ఆ రోజు కోటి మందికి పైగా నమోదయ్యారు.

ఇక అర్హతలు. భవనాల ఆర్కిటెక్ట్‌కు 1972 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐటీలో అలాంటిదేమీ లేదు. సాధారణంగా బీటెక్ లేదా ఎంసీఏ, ఆపై పదేళ్ల వరకు అనుభవం అడుగుతారు. డేటాబేస్‌లు, క్లౌడ్, భద్రత, ఏపీఐలపై పట్టుండాలి. టోగాఫ్, క్లౌడ్ కంపెనీల సర్టిఫికెట్లు ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తాయి, అంతే. ఫ్రెషర్లకు ఈ ఉద్యోగం నేరుగా దొరకడం అరుదు. డెవలపర్‌గా చేరి, నడుస్తున్న వ్యవస్థ అర్ధరాత్రి కుప్పకూలితే సరిచేసిన అనుభవం ఉన్నవారే ఎక్కువగా ఇటు వస్తారు.

ప్రభుత్వ ప్రాజెక్టుల్లో ఈ పోస్టులు చాలావరకు కాంట్రాక్టువే. డిజిటల్ ఇండియా కార్పొరేషన్ వెబ్‌సైట్‌లోని కెరీర్స్ పేజీలో ‘సొల్యూషన్ ఆర్కిటెక్ట్’ పేరుతో వచ్చే ప్రకటనలు చూస్తుండండి.