పికప్పు బండికి స్కూపు బానెట్టు

విజయదశమి నాటి రాత్రి దేవరగట్టుకు పోవు త్రోవలన్నియు బండ్లతో నిండిపోవును. మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవమునకును, కర్రల సమరము చూచుటకును ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతములనుండియే గాక సరిహద్దు దాటి కర్ణాటకమునుండియు జనులు వత్తురు. ఒకప్పుడు ఎడ్లబండ్లు నడచిన ఆ దారులలో నేడు పికప్పు బండ్లు నడచుచున్నవి. (సరకుల బండిలో మనుష్యుల నెక్కించుకొనుట చట్టమునకు విరుద్ధము. ఆ ఒక్క రాత్రి ఆ మాట ఎవరికిని గుర్తుండదు.) పండుగ దాటినంతనే యీ బండ్లే పత్తి మూటల నెత్తుకొని ఆదోని మార్కెట్టు యార్డునకు బారులు తీరును.

ఆ బండ్లలో కొన్నింటి బానెట్టుపై ఎద్దు మూపురమువలె ఎత్తుగ నుండి, ముందువైపునకు నోరు తెరచిన యొక గాలిమూతి కనబడుచుండును. దానినే స్కూపు అందురు. కంపెనీవారే అమర్చి యిచ్చిన స్కూపు ఒక రకము. బండి కొన్న తరువాత బయట కొని బిగించుకొన్నది మరియొక రకము. మన మిప్పుడు విచారింపవలసినది ఈ రెండవ దానిని గూర్చి. దీనిని బిగించుకొన్నవారు మూడు మాటలు చెప్పుదురు. గాలి యెక్కువగ పోవునట, ఇంజిను చల్లబడునట, బండికి బలము పెరుగునట. నాల్గవది చూపునకు బాగుండుట. దానిని వారు పైకి చెప్పకపోయినను అసలు కారణము తరచుగ అదియే. అందులో తప్పేమియు లేదు. ఎద్దుల కొమ్ములకు రంగు వేసి, కుచ్చులు కట్టిన నేల యిది. కాని మొదటి మూడు మాటలను మాత్రము కొంచెము నిలిపి పరీక్షింపవలెను.

స్కూపు విలువ యంతయు దాని వెనుక నేమున్నదను దానిపై నున్నది. నేటి డీజిలు ఇంజినులో టర్బో అను యంత్రభాగము గాలిని నొక్కి సిలిండరులలోనికి పంపును. గాలిని నొక్కిన కొలదియు అది వేడెక్కును. సైకిలు పంపు కొట్టునప్పుడు దాని అడుగు చేతికి వెచ్చగ తగులుట అందరెరిగినదే. వేడెక్కిన గాలి పలుచబడును గనుక, దానిని మరల చల్లార్చుటకు ఇంటర్‌కూలరు అను జాలిపెట్టెను అమర్తురు. కొన్ని బండ్లలో నిది రేడియేటరు దగ్గర ముందుభాగమున నుండును. మరికొన్నింటిలో ఇంజిను నెత్తిమీదనే పరుండియుండును. ఈ రెండవ తరహాలో, పైనుండి చల్లగాలి తగులుటకు బానెట్టున కన్నము తప్పదు. జపానులోని సుబారు ఇంప్రెజా డబ్ల్యూ.ఆర్.ఎక్స్. కారు బానెట్టుపై స్కూపు అందుకే ఉన్నది. మన దేశమున 2009లో వచ్చిన మూడు లీటర్ల టొయోటా ఫార్చ్యూనరునకును, మహీంద్రా స్కార్పియోలలో కొన్నింటికిని బానెట్టుపై మూతి యుండుట కదియే కారణము. ఆ బండ్లలో స్కూపు అలంకారము కాదు, ఊపిరితిత్తులకు పోవు ముక్కు వంటిది.

ఇక బయట అమ్ముడుపోవు స్కూపుల మాట. మన రాష్ట్రములోనే శ్రీసిటీలో 2016లో తయారీ మొదలైన ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ మొదలుకొని సామాన్యపు సరకుల పికప్పుల వరకు, కంపెనీ స్కూపు లేని బండ్లకు బిగించుకొనుటకు ఇవి దొరకుచున్నవి. కంపెనీవారు బానెట్టుపై నోరు పెట్టలేదనగా, ఇంజినునకు కావలసిన గాలికి వేరొక దారి యేర్పరచినారని యర్థము. అట్టి బండికి పైన మూతి యొక్కటి అతికించినచో, ఇంటికి సంబంధము లేని గోడకు తలుపు పెట్టినట్లగును. టాటా ఏస్ వంటి చిన్న బండ్లలో ఇంజిను సీటు క్రిందనే యుండును గనుక ఈ ప్రసక్తియే లేదు.

అయినను బండి వేగముగ పోవునప్పుడు గాలి బలముగ దూరును గదా, దానివలన లాభము లేదా అని యడుగవచ్చును. లెక్క వేసి చూతము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఎదురుగాలి స్కూపు నోటిలో కలిగించు ఒత్తిడి సుమారు 70 పాస్కలులు. అనగా ఏడు మిల్లీమీటర్ల నీటిమట్టమును ఎత్తగలిగినంత. 100 కిలోమీటర్ల వేగమున నైనను అది 450 పాస్కలులు దాటదు. మన చుట్టు నున్న గాలి ఒత్తిడి లక్ష పాస్కలులకు పైమాట. కాబట్టి స్కూపువలన కలుగు అదనపు ఒత్తిడి నూటికి అరపాలు కూడ కాదు. టర్బో కలిగించు ఒత్తిడి దీనికి వందల రెట్లు. పత్తి మూటలతో దేవరగట్టు ఎత్తుదారి నెక్కు బండి గంటకు 20 కిలోమీటర్లు పోయిన గొప్ప. అప్పుడు స్కూపులో దూరు గాలి విసనకఱ్ఱ గాలికన్న మిన్న కాదు. ఇంజిను ఎక్కువ వేడెక్కునది సరిగా ఆ సమయముననే యని గమనింపుడు.

చల్లదనపు లాభము మాత్రము నిజమైనది. ఇంజిను గదిలోని 60 డిగ్రీల గాలికి బదులు బయటి 40 డిగ్రీల గాలిని పీల్చినచో దాని చిక్కదనము నూటికి ఆరుపాళ్లు పెరుగును. కాని చాల బండ్లలో ఎయిర్ ఫిల్టరునకు పోవు గొట్టము మొదటినుండియు బయటి గాలినే పీల్చునట్లు కంపెనీవారు అమర్చియే యుందురు. పైగా డీజిలు ఇంజినులో బలమును నిర్ణయించునది లోపల చిమ్ము ఇంధనము. గాలి యొక్కటి పెరిగినంతమాత్రమున బండి గుఱ్ఱమై దుముకదు.

ఇప్పుడు మెకానిక్కులలో సైతము కొందరు గమనింపని విషయ మొకటి చెప్పవలెను. రేడియేటరునకు గాలి ముందునుండి వచ్చి, దాని జాలిగుండా దూరి, ఇంజిను గదిలోనికి వచ్చి, క్రిందినుండి వెలుపలికి పోవును. ముందు ఒత్తిడి యెక్కువగను వెనుక తక్కువగను ఉన్నప్పుడే ఆ ప్రవాహము సాగును. బానెట్టుకు ఊరక కన్నము చేసి స్కూపు పెట్టినచో, పైనుండి దూరిన గాలి ఇంజిను గదిలో నిండి, రేడియేటరు వెనుక ఒత్తిడిని పెంచును. రేడియేటరు గుండా వచ్చు గాలి తగ్గును. చల్లబడుటకై పెట్టిన స్కూపు నీటి వేడిని పెంచుట ఈ విధముగ సంభవించును. ఒకే తలుపు తెరచిన గదిలోనికి గాలి రాదు, ఎదురు తలుపు కూడ తెరువవలెనని మన ఇంటి పెద్దలకు తెలియును గదా!

స్కూపు ఎక్కడ నున్నదను దానిని బట్టియు ఫలితము మారును. బానెట్టు ముందు అంచు దాటగనే గాలి పైకి ఎగసి పోవును. అక్కడ ఒత్తిడి తక్కువ. పొట్టి మూతి యొకటి అచ్చట పెట్టిన, గాలిని లోనికి తెచ్చుటకు మారుగ లోపలి వేడిగాలిని బయటికి లాగును. ముందు అద్దము మొదట మాత్రము గాలి ఆగి కుప్పపడును. అక్కడ ఒత్తిడి యెక్కువ. 1970లో అమెరికాలో షెవర్లే కంపెనీవారు తమ షెవెల్ కారునకు అద్దమువైపు నోరుండునట్లు వెనుదిరిగిన స్కూపు పెట్టిన దిందువలననే. అంతకు ముందు సంవత్సరము ఫోర్డు వారి మస్టాంగు కారులో స్కూపును బానెట్టుకు గాక ఇంజినుకే బిగించి, బానెట్టులో కన్నము చేసి బయటికి తెచ్చినారు. ఇంజిను అదిరినప్పుడెల్ల అదియు నదరుచుండెడిది. కుఱ్ఱకారు దానినే మెచ్చుకొన్నారు. ఈ మోజు పుట్టినిల్లు ఆ దేశమున పందెముల మైదానములు. అక్కడ పత్తి మూటలును లేవు, గతుకుల దారులును లేవు.

మన దారులలో మరి రెండు శత్రువులున్నవి. ఒకటి నల్లరేగడి ధూళి. వేసవిలో పొలము బాటపై ఒక బండి పోయినచో వెనుక బండివానికి త్రోవ కనబడదు. రెండవది పత్తి పీచు. మార్కెట్టు యార్డు చుట్టును, జిన్నింగు మిల్లుల దగ్గరను పీచు గాలిలో తేలుచునే యుండును. ఇంటర్‌కూలరు జాలి సందులు సన్ననివి. పీచు అందులో చిక్కి, దానిపై ధూళి చేరి, కొంత ఆయిలు జిడ్డు తోడైనచో కంబళివలె పేరుకొనును. కంపెనీ స్కూపు గల బండివారును పత్తి కాలములో మూత యెత్తి, లోపలివైపునుండి మెల్లగ గాలి కొట్టించుకొనుట అవసరము. ఇక కొందరు స్కూపునుండి నేరుగ ఎయిర్ ఫిల్టరునకు గొట్టము కలుపుదురు. అది మరింత ప్రమాదము. ఎదురువానలో నీరు అందులో దూరి సిలిండరులోనికి చేరినచో, నీరు నొక్కుటకు లొంగని పదార్థము గనుక కనెక్టింగు రాడ్డు వంగిపోవును. అనగా ఇంజిను మొత్తము విప్పవలసివచ్చును. ఒక బండిపై బ్రతుకు కుటుంబమునకు అది ఒక పంట పోయినంత నష్టము.

ఇంత విన్న పిమ్మటను బిగించుకొన దలచినచో, బిగించు విధము తెలిసియుండుట మేలు. కొనునప్పుడు పై నునుపు చూచి మోసపోకుడు. బానెట్టును వెల్లకిల త్రిప్పి చూడుడు. అసలు బానెట్టుకు లోపల ఇనుప చట్రముండును. ఎదురు ఢీ తగిలినప్పుడు బానెట్టు మధ్యకు మడతపడవలెనే గాని, వెనుకకు జారి అద్దము చీల్చుకొని లోనికి రాకూడదు. ఆ చట్రములోని మడతలు అందుకే. చౌక రకపు ఫైబరు బానెట్టులలో పలుచని పెంకు తప్ప మరేమియు నుండదు. కీలుబోల్టులు పట్టు చోటను, లాకు కొక్కెము పట్టు చోటను ఇనుప పలక గట్టిగ పొదిగియున్నదో లేదో తట్టి చూచుకొనవలెను.

పాత బానెట్టు విప్పుటకు ముందు కీలు అంచుల చుట్టును పెన్సిలుతో గీత గీయవలెను. క్రొత్తది పెట్టునప్పుడును, అవసరమైన పాతది మరల పెట్టునప్పుడును ఆ గీతయే దారి చూపును. అద్దము కడుగు నీటి గొట్టమును ఊడదీసి, ముందు అద్దము మొదటను రెండు మడ్‌గార్డులపైనను మందపు దుప్పట్లు పరచి, ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క పట్టుకొని విప్పవలెను. ఒక్కడు చేయు పని కాదిది. క్రొత్త బానెట్టును రంగు వేయుటకు ముందే ఒకసారి పెట్టి చూడవలెను. రంగు వేసిన తరువాత కుదరలేదన్నచో టింకరింగు షెడ్డువాడును మీరును ఇరువురు నష్టపోవుదురు. మొదట కీలు బోల్టులను వదులుగనే ఉంచి సందులు రెండు వైపుల సమానముగ వచ్చునట్లు సర్దుకొని, తరువాత ఎత్తు, తరువాత రబ్బరు బొడిపెలు, చివరకు లాకు సరిచేయవలెను. మొదటిసారి మూయునప్పుడు ధడాలున విడువక చేతితో మెల్లగ దింపవలెను.

క్రింది యెడము చూచుటకు సులువైన ఉపాయ మున్నది. చపాతి పిండి ముద్దలను పాలిథీను కాగితములో చుట్టి ఇంజినుపై ఎత్తైన చోటుల నుంచి, బానెట్టు మెల్లగ మూసి తెరవవలెను. ముద్ద ఎంత మందము మిగిలినదో అంతే యెడము. స్టార్టు చేయునప్పుడును ఆపునప్పుడును ఇంజిను తన రబ్బరు దిమ్మెలపై ఊగును గనుక, ఆ యెడము బొటనవ్రేలి వెడల్పునకు తక్కువ కారాదు. బానెట్టు మార్చక పాతదానికే కన్నము చేసి స్కూపు అతికించువారు లోపలి చట్రపు పట్టీలను కోయరాదు. కోసిన అంచునకు ప్రైమరు పూయనిచో రెండు వానలలో త్రుప్పు మొదలగును. స్కూపులో పడిన నీరు కరెంటు తీగెలపై గాని, ఫిల్టరులో గాని పడక వెలుపలికి పోవు దారి యుండవలెను.

అన్నింటికన్న ముఖ్యమైనది లాకు. బానెట్టు లాకునకు రెండు మెట్లుండును. లోపలి లీవరు లాగినప్పుడు బానెట్టు ఒక్క అంగుళము లేచి రెండవ కొక్కెముపై ఆగవలెను. క్రొత్త బానెట్టుపై ఆ రెండవ కొక్కెము పట్టుట లేదా, ఆ బండి రోడ్డెక్కరాదు. వేగములో బానెట్టు లేచినచో గాలి దానిని తెరచాపవలె ఎత్తి అద్దమునకు కొట్టును. డ్రైవరునకు ముందు దారి ఒక్క క్షణములో మాయమగును. ఫైబరు బానెట్టుకు ముందు రెండు మూలలను బానెట్టు పిన్నులు అదనముగ పెట్టించుట వ్యర్థపు ఖర్చు కాదు. అదే సమయమున సీటులో కూర్చుండి చూపు కూడ పరీక్షించుకొనుడు. రెండున్నర అడుగుల కఱ్ఱ నొకదానిని బండి ముందు ఒకరిచేత పట్టించి, పాత బానెట్టుతో ఎంత దగ్గర వరకు కనబడినదో, క్రొత్తదానితో ఎంత వరకు కనబడుచున్నదో సరిపోల్చుడు. పల్లె సందులలో బండి ముందు ఆడుకొను పసివాని యెత్తు అంతే.

చట్టము సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన లక్షణములకు భిన్నముగ బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టు కేరళ నుండి వచ్చిన కేసులో దీనినే స్థిరపరచినది. ఆ సంవత్సరపు సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పునకు యజమానికి అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. కావున కోత మొదలుపెట్టుటకు ముందే రవాణా శాఖ కార్యాలయములో విచారించి, బీమా కంపెనీకి వ్రాతమూలముగ తెలియజేయవలెను. చెప్పక చేసిన మార్పు ప్రమాదము జరిగిన నాడు క్లెయిమునకు చిక్కు తెచ్చును.

బిగించిన తరువాత మొదటి నూరు కిలోమీటర్లు బరువు లేకుండ నడపి, కీలుబోల్టులను, పిన్నులను మరల బిగించి, పెన్సిలు గీతనుండి కీలు కదలినదేమో చూడవలెను. ఉష్ణోగ్రత ముల్లు మునుపటికన్న పైకి పోవుచున్నచో స్కూపు నోటిని లోపలినుండి అట్టముక్కతో మూసి అదే దారిని మరల నడపి చూడుడు. ముల్లు దిగినచో కారణము తెలిసినట్లే.