మీకు తెలుసా? కోడి రెక్కలో మనం పారేసే కొసే డేగను సముద్రం దాటిస్తుంది

అమీర్‌పేటలో మధ్యాహ్నం ప్లేటులోకి చికెన్ వింగ్ వస్తే, తినేముందు ఒకసారి కీళ్లు విప్పి చూడండి. మొదటి ముక్కలో ఒకటే ఎముక, మన జబ్బలో ఉన్నట్టు. నడిమి ముక్కలో రెండు, మన ముంజేతిలో లాగే. ఒకటి లావు, ఒకటి సన్నం. చివర, వేళ్లు అతుక్కుపోయిన చిన్న కొస. కండ లేదని దాన్ని కోసి పారేస్తుంటారు. మెట్రో స్టేషన్ మీద తిరిగే గద్దకూ ఇవే ఎముకలు, ఇదే వరస. కొలతలే వేరు.

పక్షిని గాలిలో నిలబెట్టే ఈకలు ముంజేతి లావు ఎముకను పట్టుకుని ఉంటాయి. ముందుకు నెట్టే పొడవాటి ఈకలు మాత్రం ఆ కొసవే.

పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎండకు కాలి వేడిగాలి లేచిందంటే, గద్ద రెక్క ఆడించకుండానే దాని మీద పైకి తేలిపోతుంది. చాచిన రెక్కను గాలి మెలిపెడుతుంటే కాచుకునేది జబ్బ ఎముకే. పలుచటి గోడల గుండ్రటి గొట్టం అది, లోపల గాలే. బరువు పెరగకుండా మెలికకు ఓర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఆకారం లేదు.

పక్కనే కేబీఆర్ పార్కులో ఉండే షిక్రా అనే వేటపక్షి రెక్క పొట్టి, గుండ్రన. కొమ్మల మధ్య చటుక్కున మలుపు తిరగడానికి అదే వీలు.

అముర్ డేగ సంగతి వేరు. తూకం 150 గ్రాముల పైచిలుకు, అంతే. సైబీరియా, ఉత్తర చైనాల నుంచి నాగాలాండ్ మీదుగా దక్షిణ ఆఫ్రికా దాకా వెళుతుంది. 2013 నవంబరులో నాగాలాండ్‌లో ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలిన డేగలు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మీదుగానే వెళ్లాయి. తర్వాత అరేబియా సముద్రం. నీటి మీద నేల మీదలా వేడిగాలి లేవదు. రాత్రీ పగలూ రెక్క కొట్టాల్సిందే. అందుకే దాని రెక్క పొడవుగా, కొడవలిలా కొస తేలి ఉంటుంది.

అయితే ఎముకను మాత్రమే చూసి ఇది వలస పక్షి అని తేల్చేయకూడదు. వేటాడే తీరు కూడా రెక్కను మలుస్తుంది. మన గద్దల్నే చూడండి. ఇక్కడే గుడ్డు పగిలి పుట్టినవీ, చలికాలంలో హిమాలయాలు దాటి మన దేశానికి వచ్చేవీ ఒకే జాతి. అలా వలస వచ్చే అతిథి కాస్త పెద్దది. రెక్క అడుగున, సరిగ్గా ఆ కొస ఈకల మొదట్లో, తెల్లమచ్చ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.