నాలుగు కిలోల్లో నాలుగు రోజులు

2003 ఇరాక్ యుద్ధ సమయంలో అమెరికా సైన్యం దగ్గర ఒక రకం బ్యాటరీ నిల్వలు దాదాపు అడుగంటాయి. దాని పేరు బీఏ-5590. బరువు సుమారు కిలో, లోపల పది లిథియం-సల్ఫర్ డయాక్సైడ్ సెల్స్. సైనికుల రేడియో సెట్లకు అదే ఆధారం. చార్జింగ్ పెట్టే వీల్లేదు, అయిపోతే పారేయడమే. లోపల ఎంత మిగిలిందో తెలియక చాలామంది గస్తీకి బయల్దేరే ముందు సగం వాడినదాన్ని తీసేసి కొత్తది పెట్టుకునేవారు. వారిని తప్పుపట్టలేం. శత్రువు ఎదుట రేడియో మూగబోతే ప్రాణాల మీదికి వస్తుంది.

రేడియోకు తోడు జీపీఎస్, రాత్రి చూపు పరికరాలు, కంప్యూటర్లు వచ్చేసరికి వీపు మీద బరువు పెరుగుతూ పోయింది. అందుకే అమెరికా రక్షణ శాఖ వేరబుల్ పవర్ ప్రైజ్ పేరుతో పోటీ పెట్టింది. సగటున 20 వాట్ల కరెంటు 96 గంటల పాటు ఇవ్వాలి. ఒంటికి తగిలించుకునే ఆ పరికరం బరువు నాలుగు కిలోలు దాటకూడదు. మధ్యమధ్యలో 200 వాట్ల దాకా అడిగినా తట్టుకోవాలి.

లెక్క వేస్తే 1,920 వాట్-అవర్లు. అంత శక్తిని బీఏ-5590లతో మోయాలంటే పది కిలోల పైమాటే. అప్పటి లిథియం-అయాన్ అయితే ఇంకా ఎక్కువ. లీటరు మెథనాల్‌లో మాత్రం సుమారు 4,400 వాట్-అవర్లు దాగి ఉంటాయి. అందులో పావు వంతు కరెంటుగా దక్కినా రెండు లీటర్ల లోపే పని జరిగిపోతుంది.

ఆ పావు వంతును రాబట్టేది ఫ్యూయల్ సెల్. నీళ్లు కలిసిన మెథనాల్ ఒకవైపు ఉత్ప్రేరకాన్ని తాకి విడిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ప్రోటాన్లు పల్చటి పాలిమర్ పొర గుండా అవతలికి దాటుతాయి. ఎలక్ట్రాన్లకు ఆ దారి లేదు కనుక తీగలోంచి చుట్టూ తిరిగి వెళ్లాలి. పరికరాలను నడిపేది ఆ చుట్టు ప్రయాణమే. అవతల ఈ రెండూ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. అయితే మెథనాల్ విడిపోవడం మందకొడి పని. పైగా కొంత ఇంధనం కరెంటు ఇవ్వకుండానే పొరలోంచి జారిపోతుంది. 200 వాట్లు ఒక్కసారిగా అడిగితే ఈ సెల్ చేతులెత్తేస్తుంది. ఆ స్థాయికి పెద్దది చేద్దామంటే బరువు మొదటికొస్తుంది.

ఫ్యూయల్ సెల్‌కు బ్యాటరీని జతచేసే హైబ్రిడ్ ఆలోచన సత్తా ఇక్కడే కనిపిస్తుంది. చిన్న బోరు మోటారు రోజంతా నింపే ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటే, ఇంట్లో కుళాయిలన్నీ ఒకేసారి తిప్పినా నీళ్లకు లోటుండదు. అలాగే ఫ్యూయల్ సెల్ నిదానంగా, ఆగకుండా చిన్న లిథియం-అయాన్ బ్యాటరీని నింపుతుంది. సైనికుడు రేడియోలో మాట్లాడే క్షణాన కావలసిన ఉధృతిని బ్యాటరీ ఇస్తుంది. రెండింటి మధ్య కూర్చున్న సర్క్యూట్ ఎవరి వంతు ఎంతో తేలుస్తుంది.

2008 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ట్వెంటీనైన్ పామ్స్ మెరైన్ స్థావరంలో ఆ పోటీ తుది పరీక్ష జరిగింది. అమెరికా సంస్థ డ్యూపాంట్, జర్మనీకి చెందిన ఎస్‌ఎఫ్‌సీ కలిసి చేసిన ఎం-25 మెథనాల్ హైబ్రిడ్ పది లక్షల డాలర్ల మొదటి బహుమతి గెలిచింది.

దీనికీ పరిమితులున్నాయి. గాలి ఆడాలి, మెథనాల్ విషం, బ్యాటరీలకు బదులు ఇంధన సీసాలు సరఫరా చేయాలి. ఒక్క రోజులో ముగిసే గస్తీకి మామూలు లిథియం-అయాన్ ప్యాకే మేలు. మూడు నాలుగు రోజులు చార్జింగ్ దొరకని చోటికి నడిచి వెళ్లే దళానికి మాత్రం హైబ్రిడ్‌దే పైచేయి.