తెరుచుకోని బొమ్మలు

మీ వీధి చివర ఒక మందుల షాపు ఉన్నదనుకోండి. గుమ్మం పైన సీసీ కెమేరా. ఒకనాటి సాయంకాలం షాపు ముందు పెట్టిన సైకిలు మాయమయింది. షాపాయన పాపం మంచివాడు. ఆ పది నిమిషాల బొమ్మలనూ రికార్డరులో నుంచి పెన్‌డ్రైవులోకి ఎక్కించి, సైకిలుగలవాడి చేతికిచ్చాడు. అతను ఇంటికి పోయి చూస్తే, కంప్యూటరు ఆ ఫైలును తెరవనే తెరవదు! పెళ్ళి వీడియోలూ, సినిమా పాటలూ చక్కగా చూపే కంప్యూటరే. మరి ఫైలు పాడయిందా? ఏమీ పాడు కాలేదు.

కెమేరా సెకనుకు 25 దాకా బొమ్మలు తీస్తుంది. ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచితే ఎంత పెద్ద డిస్కు అయినా ఇట్టే నిండిపోతుంది. అందుచేత ఒక యుక్తి పన్నారు. మొదట ఒక్క బొమ్మను పూర్తిగా రాసుకుంటారు. తరవాతి బొమ్మలలో ఏమి మారిందో అంతే రాస్తారు. షాపు గోడ మారదు, కరెంటు స్తంభం మారదు. నడిచిపోయే మనిషి కాళ్ళూ చేతులూ మారతాయి గనక అవి రాస్తే చాలు. కొంతసేపటికి మళ్ళీ ఒక పూర్తి బొమ్మ. ఇలా కుదించటానికి ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతులున్నాయి. 2003లో వచ్చిన హెచ్.264 ఒకటి, 2013లో వచ్చిన హెచ్.265 మరొకటి. సీసీ కెమేరాలు చాలావరకు వాడేది వీటినే. మీ ఇంట్లో ఫోనూ అంతే.

ఇక తేడా ఎక్కడున్నది? గిన్నెలో ఉన్నది! కుదించిన బొమ్మలను ఊరికే పారబోస్తే చాలదు. ఏ బొమ్మ ఏ క్షణానిది, ఏ కెమేరాది, తేదీ ఏమిటి అన్నవి కూడా రాసి, అంతా ఒక గిన్నెలో సర్దాలి. ఎం.పి.4 అనేది అందరికీ తెలిసిన గిన్నె. కాని రికార్డర్లు చేసే కంపెనీలు కొన్ని సొంత గిన్నెలు చేసుకున్నాయి. లోపల అన్నం ఒకటే, కారియరు మూత తిప్పే తీరు వేరు.

ఇందుకు కారణం లేకపోలేదు. ఎం.పి.4 సాధారణంగా తన సూచికను రాత అంతా అయ్యాక రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయిందా, సూచిక లేక ఫైలు తెరుచుకోదు. రాత్రింబవళ్ళు పనిచేసే రికార్డరుకు ఇది ప్రమాదమే గదా! అందుకని ప్రతి బొమ్మకూ దాని చీటీ దానికే తగిలిస్తారు. చైనాలోని దహువా కంపెనీ ఫైళ్ళలో ప్రతి బొమ్మ ముందూ డి, హెచ్, ఎ, వి అని నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలుంటాయి. బొమ్మ చివర అవే నాలుగూ చిన్న అక్షరాలలో ఉంటాయి. ముచ్చటగానే ఉన్నది. కాని ఆ గిన్నె తెరవాలంటే ఆ కంపెనీవారి ప్లేయరే కావాలనటంలో కొంత వ్యాపారం కూడా లేకపోలేదు.

అన్నిటికన్నా సులువైన దారి రికార్డరునే అడగటం. చాలా రికార్డర్లలో ఎం.పి.4గా ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. లేకపోతే కంపెనీ ప్లేయరు మార్చి ఇస్తుంది. అదీ కుదరకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాము ఉన్నది. ఫాబ్రీస్ బెల్లార్ అనే ఫ్రెంచివాడు దీన్ని 2000లో మొదలుపెట్టాడు. తరవాత ఎందరో చెయ్యి వేశారు. దీనికి దహువావారి గిన్నె తెరవటం కూడా తెలుసు.

ఇది రెండు విధాల పని చేస్తుంది. మెతుకు చెదరకుండా అన్నాన్ని గిన్నె మార్చటం ఒకటి. ఇది క్షణాలలో అయిపోతుంది, బొమ్మ చెడదు. రెండోది మళ్ళీ వండటం, అనగా బొమ్మలను విప్పి కొత్తగా కుదించటం. ఇందులో ప్రతిసారీ కొంత వివరం పోతుంది. సైకిలు రంగు తెలిసినా, మనిషి మొహం అలుక్కుపోవచ్చు. కనక మొదటిది కుదిరితే రెండోదాని జోలికి పోకూడదు.

ఇక్కడ ఒక చిక్కున్నది, జాగ్రత్తగా వినండి. బొమ్మలను మటుకు తీసుకుని, వాటి వేళలు రాసిన చీటీలను వదిలేశామనుకోండి. అప్పుడు ప్రోగ్రాము సెకనుకు 25 బొమ్మలని తనంతట తనే అనుకుంటుంది. డిస్కు త్వరగా నిండకుండా కొందరు రికార్డరును సెకనుకు 12 బొమ్మలకే పెట్టుకుంటారు. నిమిషానికి 720 బొమ్మలన్నమాట. 720ని 25తో భాగించండి. నిమిషం కాస్తా 29 సెకన్లలోపే అయిపోతుంది! మందులు కొనుక్కుని మామూలుగా నడిచి ఇంటికి పోతున్న పెద్దమనిషి, తెరమీద పరుగు లంకించుకున్నట్టు కనిపిస్తాడు. "అదుగో, పారిపోతున్నాడు, వీడే దొంగ!" అని ఎవరైనా అనేస్తే అతని గతి ఏమిటి?

దీన్ని మీరే కనిపెట్టగలరు. బొమ్మ మూల గడియారం అంకెలు కనిపిస్తాయి. వాటిలో ఒక నిమిషం గడవటానికి మీ గోడ గడియారంలో కూడా నిమిషం పట్టాలి. పట్టకపోతే వేగం తప్పన్నమాట. రికార్డరు గడియారమే తప్పు కావచ్చు కూడాను. బొమ్మలు తీసుకునేటప్పుడే దాన్ని ఫోనులో వేళతో పోల్చి, ఎంత తేడా ఉన్నదో కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

మార్చిన ఫైలు చూసుకోవటానికే. అసలు ఫైలును ముట్టుకోకుండా దాచాలి. ప్రతి ఫైలుకూ హ్యాష్ అని ఒక వేలిముద్ర తీయవచ్చు. ఎస్.హెచ్.ఎ.256 పద్ధతిలో అది అంకెలూ అక్షరాలూ కలిసి 64 ఉంటుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా వేలిముద్ర మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి మన దేశంలో అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, ఇలాంటి సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో ఈ వేలిముద్ర కూడా రాయాలి. గిన్నె మారిస్తే వేలిముద్రా మారుతుంది గనక, పోలీసువారికి అసలు ఫైలునూ మార్చినదాన్నీ కూడా ఇవ్వటం మంచిది.

అన్నట్టు, రికార్డరు డిస్కు నిండగానే పాత బొమ్మల మీద కొత్తవి రాసేసుకుంటుంది. ఫైలు తెరుచుకుంటుందా లేదా అన్నది తరవాత చూసుకోవచ్చు. ఆ పది నిమిషాలనూ మటుకు ఆ రోజే అడిగి తీసుకోవాలి.